మెడ మీద చెయ్యి

డాక్టరు "డే కేర్ సర్జరీ" అన్నాడు. మరమగ్గాల మేస్త్రీకి "డేకే సర్జరీ" అని వినబడింది.

"డేకుతూ వెళ్ళాలా డాక్టరుగారూ? మాది మూడో అంతస్తు. మెట్లమీద డేకితే గొంతు బాగుపడేలోపు మోకాళ్ళు పోతాయి," అన్నాడు.

డాక్టరు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్క కుర్చీలో ఉన్న మేస్త్రీ భార్య నవ్వు మింగింది. దాంతోపాటు ఆవిడ గొంతులో ఉన్న నిమ్మకాయంత గడ్డ కూడా పైకెళ్ళి కిందికొచ్చింది.

"ఎవరూ డేకక్కర్లేదండీ," అన్నాడు డాక్టరు గొంతు పెంచి. "పొద్దున వస్తారు. థైరాయిడ్ గ్రంథి సగం తీసేస్తాం. సాయంత్రం దాకా కనిపెట్టి చూసి ఇంటికి పంపించేస్తాం. అదీ సంగతి."

"ఇస్త్రీకిస్తే రెండ్రోజులు పడుతోంది, స్త్రీకి ఒక్క పూటేనా?"

ఈసారి డాక్టరు కూడా నవ్వాడు.

మేస్త్రీ చెవులు మరమగ్గాలు తినేశాయి. షెడ్డులో మరమగ్గం మొదలైతే మరో చప్పుడుండదు. పక్కవాడు పిలిచినా, పిడుగు పడినా ఒకటే. అందుకని అక్కడ నోటికి సెలవు, చేతికి డ్యూటీ. చిటికెన వేలు చూపిస్తే పోగు తెగిందని. పిడికిలి మీద పిడికిలి పెడితే నూలు కండె అయిపోయిందని. చెవి పట్టుకుంటే ఓనరు వస్తున్నాడని. మెడ మీద చెయ్యి వేసుకుంటే మగ్గం ఆపమని. మేస్త్రీ, ఆయన భార్య అక్కడే కలిశారు. ఎదురెదురు మగ్గాల మధ్య ముందు చేతులు కలిసి, తర్వాతే మాటలు కలిశాయి. చేతులూపుకుంటూ చెయ్యి పట్టుకున్నాడని షెడ్డంతా చెప్పుకునేవాళ్ళు.

ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. వంటింట్లోంచి ఆవిడ అరిస్తే హాల్లో ఆయనకు వినబడదు కాబట్టి గుమ్మంలోకొచ్చి చెయ్యి తిప్పేది. కూతురు మాటలకంటే ముందు సైగలు నేర్చింది. షెడ్డు గడప తొక్కని మేస్త్రీ తల్లికి కూడా నాలుగైదు వచ్చేశాయి. రానివాడు కొత్తల్లుడొక్కడే. అతను బస్సు డ్రైవరు. ఎవరు చెయ్యి ఊపినా బస్సు ఆపాలా వద్దా అన్నదే అతని లెక్క.

ఆపరేషన్ సజావుగా జరిగింది. గొంతు కోసం గొంతు కోయించుకున్న మనిషి సాయంత్రానికల్లా లేచి కూర్చుని కాసిని పాలు తాగింది. గడ్డలో చెడేమీ కనబడలేదన్నారు. ఇంటికి పంపేముందు నర్సు మేస్త్రీ చెవి దగ్గరకొచ్చి విడమరిచి చెప్పింది.

"ఒక్కోసారి కుట్ల లోపల రక్తం ఊరుతుంది. బయటికి చుక్క కూడా రాదు. మెడ ఉబ్బుతుంది, బిగదీసినట్టుంటుంది, గొంతు మారుతుంది, ఊపిరాడదు. ఇక్కడ చోటు చిన్నది, కొంచెం రక్తం చేరినా చాలు, ప్రాణం మీదికొస్తుంది. ఏమాత్రం అనుమానమొచ్చినా తీసుకొచ్చెయ్యండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు."

"మెడ ఉబ్బితే వచ్చేస్తాం," అని అప్పజెప్పాడు మేస్త్రీ. "ఇన్నాళ్ళ కాపురంలో నేనెంత పొగిడినా ఉబ్బని మనిషమ్మా."

నర్సు నవ్వలేదు. "ఈవిడ గట్టిగా మాట్లాడకూడదు," అని మాత్రం అంది.

ఆవిడకి గట్టిగా మాట్లాడే ఓపికా లేదు. మత్తిచ్చేటప్పుడు గొట్టం వేసిన గొంతులోంచి గుసగుసే వస్తోంది. అరిచినా వినని మొగుడికి గుసగుస ఏం వినబడుతుంది? అందుకని పక్కింటివాళ్ళ కారెక్కగానే ఆవిడ సైగల్లోకి దిగింది. కిటికీ దించమంది. నీళ్ళడిగింది. మేస్త్రీ అన్నీ అందిపుచ్చుకున్నాడు.

ఇంట్లో హాల్లోనే మంచం వేసి, తల కింద ఎత్తుగా దిండ్లు పేర్చి పడుకోబెట్టారు. మెడ కట్టుకి దుమ్ము తగలకుండా కూతురు పల్చటి తువ్వాలు కప్పింది. ఫ్యాను తిరుగుతోంది, టీవీ మోగుతోంది, వంటింట్లో ముసలమ్మ మిక్సీ వేసింది. గండం గడిచిందన్న ధీమాతో మేస్త్రీ మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"పొద్దున వీధికి కరెంటు కోత, ఆవిడకి మెడ కోత. ఇంక ఈ ఇంట్లో మిగిలింది నా కోతలే," అన్నాడు.

ఆవిడ చెయ్యి మెడ మీదికెళ్ళింది.

"చూశారా, నన్ను ఆపమంటోంది. సగం గ్రంథి తీసినా పెత్తనం మొత్తం అలాగే ఉంది."

కూతురు పకపకా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. చెయ్యి దించి, మళ్ళీ మెడ మీద వేసుకుంది.

"టీవీ ఆపమంటోంది నాన్నా," అంది కూతురు. టీవీ ఆపింది.

అల్లుడు కుర్చీలో ముందుకు జరిగి గొంతు పెంచాడు. "అత్తయ్యకి అక్కడ నొప్పిగా ఉందేమో."

"అది మా షెడ్డు భాష అల్లుడూ, 'ఆపు' అని. నీకు చెయ్యి చూపిస్తే బ్రేకు తప్ప ఇంకేం గుర్తొస్తుంది?"

"పాపం, ఆయన్నెందుకు ఏడిపిస్తావు నాన్నా," అని కూతురు మళ్ళీ నవ్వింది. అల్లుడు వెనక్కి జరిగి కూర్చున్నాడు. కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చినవాడు, అత్తగారి సంగతి వాళ్ళకంటే తనకేం తెలుస్తుందనుకున్నాడు.

ఆవిడ చెయ్యి మెడ మీదే ఉంది. మేస్త్రీ లేచి ఫ్యాను ఆపాడు. వంటింటి వైపు తిరిగి, "అమ్మా, ఆ మిక్సీ ఆపవే, దీనికి చిరాకేస్తోంది," అని కేకేశాడు. మిక్సీ ఆగింది. ముసలమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

ఆవిడ రెండో చెయ్యి కూడా మెడ మీదికొచ్చింది. కళ్ళు మేస్త్రీని వదలడం లేదు.

"ఇంకేం ఆపాలే? అన్నీ ఆపేశాంగా," అన్నాడు మేస్త్రీ.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో మంచం మీదినుంచి సన్నటి ఈల వినబడింది. మేస్త్రీకి వినబడలేదు. అల్లుడు మంచం దగ్గరికొచ్చి ఆవిడ చేతులు పక్కకి తప్పించి తువ్వాలు తీశాడు. కట్టుకి రెండువైపులా మెడ నున్నగా, నల్లగా ఉబ్బి మెరుస్తోంది.

"మామయ్యగారూ, ఆపమనటం కాదు. ఊపిరాడట్లేదు."

మూడంతస్తులూ అల్లుడు ఆవిడని భుజాన వేసుకుని దించాడు. పక్కింటి కారు తనే తోలాడు. కూతురూ ముసలమ్మా ముందు సీట్లో ఇరుక్కున్నారు. వెనక సీట్లో మేస్త్రీ ఒళ్ళో తల పెట్టుకుని ఉన్న ఆవిడ, సగం దారిలో చేతులు మెడ మీదినుంచి దించేసింది.

"నెమ్మదించింది," అన్నాడు మేస్త్రీ. "చేతులు తీసేసింది చూడు. నెమ్మదించింది."

అల్లుడు ఇంకా వేగంగా తోలాడు.

ఆస్పత్రి గుమ్మంలోనే, స్ట్రెచరు మీదే, డ్యూటీ డాక్టరు కుట్లు కత్తిరించాడు. గడ్డకట్టిన రక్తం తీశాడు. తలుపులు మూసుకున్నాయి. అవి మళ్ళీ తెరుచుకునేసరికి డాక్టరు ముఖం చూసి ముసలమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

"రక్తం తీశాం, గొట్టం వేశాం. గుండె మళ్ళీ కొట్టుకోలేదు," అన్నాడు డాక్టరు. మేస్త్రీ చెవి దగ్గరకి వంగి, "మెడ దగ్గర ఇబ్బంది ఎప్పుడు మొదలైంది? ఆవిడేమీ చెప్పలేదా?" అని అడిగాడు.

అల్లుడు నోరు తెరవబోయాడు. మేస్త్రీ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"చెప్పింది డాక్టరుగారూ. చాలాసేపు చెప్పింది." తన మెడ మీద చెయ్యి వేసుకుని చూపించాడు. "మా షెడ్డులో ఇలా చేస్తే మగ్గం ఆపమని. నన్ను ఆపమంటోందనుకున్నాను. ఆ తర్వాత టీవీ అనుకున్నాం. ఫ్యాను అనుకున్నాను, మిక్సీ అనుకున్నాను. అల్లుడికి మా సైగలు తెలీవు కాబట్టి అతనికే అనుమానమొచ్చింది. నేనే నవ్వి నోరు మూయించాను."

నర్సు గొంతు కాస్త పెంచి, "మెడ ఉబ్బుతుందని చెప్పాను కదండీ," అంది.

"చెప్పావమ్మా. అంతా విన్నాను. మెడ చూడమన్నావు. నేను చెయ్యి చూశాను."

కూతురు గోడకి తలానించి, "నేనూ అదే అనుకున్నాను నాన్నా," అంది. "టీవీ అన్నది నేనేగా."

ముసలమ్మ నేల మీదినుంచే తలెత్తింది. "మరి మీ షెడ్డులో ఊపిరాడకపోతే ఏమని చూపిస్తార్రా?"

మేస్త్రీ రెండు చేతులూ ముందుకు చాపి వాటికేసి చూసుకున్నాడు. వేళ్ళు కదిపాడు, మడిచాడు.

"దానికేమీ లేదమ్మా," అన్నాడు.