ప్రమీల అష్రఫీ

"ప్రమీల ఉంటే గీపాటికి చీరలన్నీ ఒడిసేటియి" అంది మా అత్త భాగీరథి, మంచం మీంచి కాళ్లు కిందికి దించుతూ.

నా ముందు చీరల గుట్ట ఉంది. మిల్లు నుంచి వచ్చిన చీరల వెనక వేలాడే దారాలను కత్తిరించి, మడతపెట్టి తిరిగి ఇవ్వాలి. సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఆడవాళ్లందరిదీ ఇదే పని. కూలి మా అత్త చేతికి వెళుతుంది, కత్తెర నొప్పి నా బొటనవేలికి మిగులుతుంది. నల్లా నీళ్లు పట్టడం, రొట్టెలు చేయడం, నా భర్త షిఫ్టు దిగేసరికి వేడినీళ్లు కాచడం, ఇవి పని కిందికి రావు. ఇంట్లో ఉన్నాక చేయకేం చేస్తారు?

ప్రమీల నా భర్త పరుశురాంకు మొదటి భార్య. ఆమె పోయాక నన్ను జగిత్యాల నుంచి చేసుకొచ్చారు. ఆమె నాకు వరసకు అక్క. నేనామెను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఈ ఇంట్లో నాకు అందరికంటే బాగా తెలిసింది ఆమే. ఆమె చారు ఎంత కమ్మగా కాచేదో, ఎంత చీకటితో లేచేదో, అత్త మాటకు ఎలా ఎదురాడేది కాదో రోజూ వింటాను. చచ్చినవాళ్ల కళ్లు చారెడు అంటారు. మా అత్త లెక్కలో ప్రమీల కళ్లు చేటంత.

పెళ్లినాడు పుస్తెలతో పాటు ఇంకో దారం కూడా నా మెడలో పడింది. దానికి ప్రమీల పేరిట ఒక బంగారు బిళ్ల. రెండో భార్య అలా వేసుకోకపోతే పోయినామె వచ్చి పీడిస్తుందని మావాళ్ల నమ్మకం. కొందరు కొత్తగా చేయిస్తారు. మా అత్త పొదుపరి. ప్రమీల పుట్టింటి నుంచి తెచ్చుకున్న నిజాం కాలపు బంగారు నాణెం, అష్రఫీ, పెట్టెలో ఉంటే, అవుసలాయనతో దానికే కొక్కెం అతికించి నాకు కట్టింది. ప్రతి అమావాస్యకు దాన్ని చింతపండుతో తళతళా తోమాలి, పసుపు కుంకుమ పెట్టాలి, దాని ముందు అన్నం పెట్టి మొక్కాకే నేను ముద్ద ముట్టాలి.

ఈమధ్య నాకు నెలసరి మొదలైతే ఆగడం లేదు. కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు నొప్పి. దవాఖానలో డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, గర్భసంచిలో గడ్డ ఉన్నట్టుంది, పరీక్షలు చేయించుకో, ఆపరేషన్ పడొచ్చు, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పింది. ఇంటికొచ్చి నా భర్తకు చెప్పాను.

"కామ్‌రేజ్ల ఫ్లాట్‌కు అడ్వాన్స్ గట్టినంక సూద్దాం తీ" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండానే.

"ప్రమీల ఒక్కనాడన్న నొప్పన్నదా?" అంది అత్త. "రెండొద్దులు జరమొచ్చె, పాయె. ఎవ్వలకు బరువు గాలే. గట్ల ముత్తైదువ సావు రావాలంటే పుణ్యం జేసుకోవాలె."

ఆ మాట విన్నప్పుడల్లా నా ఒంటిని చూసుకుని నాకే సిగ్గేసేది. గుడ్డలు ఆరేయడానికి చాటు వెతుక్కుంటూ, ఆమెకు రాని నొప్పి నాకే ఎందుకొచ్చిందని కుమిలిపోయేదాన్ని. నా ఒళ్లే తప్పు చేస్తోందేమో అనుకునేదాన్ని.

ఇంతలో కార్ఖానాలో ఎవరో నా భర్తకు, పాత సిక్కా నాణేలకు బంగారం రేటుకంటే ఎక్కువిస్తారని చెప్పారట.

"నేను పని ఇడిసి పోతే ఖాడా పడ్తది, పగార్ల గోస్తరు. నువ్వే పొయ్యి బిళ్ల రేటు అడిగి రా. అడుగుడే, అమ్ముడొద్దు. అమ్మేటప్పుడు నేనొస్త" అన్నాడు.

"మెడల నుంచి తీస్తే అరిష్టం గాదా?" అని అత్తను అడిగాను. దారం ఒరుసుకుని మెడ మీద పుండు పడ్డప్పుడు, ఒక్క పూట తీస్తానంటే ఇల్లు పీకి పందిరేసిన మనిషి ఆమె.

"ప్రమీలకు జెప్పుకొని తీస్తే ఏంగాదు. ఇంటి మంచి కోరే పిల్ల" అంది.

ఫ్లాట్ మాటొస్తే దయ్యాలు కూడా సర్దుకుంటాయన్నమాట.

భాగల్ చౌరస్తా దగ్గర ఒక ఇరుకు సందులో ఉంది ఆ దుకాణం. రసిక్‌భాయ్ అనే ముసలాయన అద్దాల పెట్టె వెనక కూర్చున్నాడు. నాకొచ్చిన హిందీలో పని చెప్పి బిళ్ల ఇచ్చాను. ఆయన దాని ముఖం తాకలేదు, రెండు వేళ్లతో అంచులు పట్టుకున్నాడు. తూచాడు. కంటికి భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అసలుదే. హైదరాబాద్ అష్రఫీ. ఇదిగో చార్మినార్" అన్నాడు. తర్వాత ముఖం చిట్లించాడు. "దీన్ని తోమారా?"

"నెలనెలా తోముతాను. చింతపండుతో."

"అయ్యో బెన్!" అన్నాడు. ఇక్కడ ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. "పాత నాణేన్ని తోమకూడదు. చూడండి, రాతలన్నీ ఎలా అరిగాయో. పైగా ఈ కొక్కెం ఒకటి. అతుకు పడ్డదాన్ని సేకరించేవాళ్లు ముట్టుకోరు. ఇక దీనికి ఒట్టి బంగారం రేటే."

భూతద్దం దించబోయి ఆగాడు. మళ్లీ వంగి చూశాడు.

"ఇది ఒకసారి నా దగ్గరకు వచ్చింది. ఈ మినార్ పక్కన సన్నటి గీత ఉంది చూడండి, అచ్చు పగిలితే పడేది. సూరత్‌కు ఈ అష్రఫీ రావడమే అరుదు, ఈ గీత ఉన్నది నేనింకెక్కడా చూడలేదు. అప్పుడు కొక్కెం లేదు. ఒక బెన్ తెచ్చింది. మీవాళ్లే, తెలుగామె."

"ఎందుకు తెచ్చింది?" అన్నాను.

"అమ్ముదామని. కడుపులో నొప్పి, ఆపరేషన్ చేయించుకోవాలి, ఇంట్లో చెబితే వినడం లేదు అంది. నేను కొనలేదు. ఆడవాళ్లు ఒంటరిగా బంగారం తెస్తే ఈ బజార్లో ఎవరూ కొనరు, మర్నాడు ఇంటివాళ్లొచ్చి గొడవపెడతారు. మీ ఆయనతో రమ్మన్నాను. ఆ బల్ల మీద కడుపు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నీళ్లడిగి తాగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇప్పుడెలా ఉంది?"

"లేదు. పోయింది" అన్నాను. నేనెవరో, ఆ బిళ్ల నా మెడలోకి ఎలా వచ్చిందో చెప్పాను. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేసి చేతులు ముడుచుకున్నాడు.

నేను వెళ్లి ఆ బల్ల మీద కూలబడ్డాను. ప్రమీల నొప్పన్నది. ఇంట్లో అన్నది, డాక్టరుతో అన్నది, చివరికి నాణేలమ్మే పరాయి మనిషితో అన్నది. వినని వాళ్లే ఆమె ఒక్కనాడూ నొప్పనలేదని నాకు పాఠం చెబుతున్నారు. ఇదే చౌరస్తాలో దిగి, ఇదే సందులో అందరినీ అడుగుతూ వచ్చి ఉంటుంది. ఎంత ధైర్యం తెచ్చుకుని ఉంటుందో! తన పుట్టింటి బంగారం తన గుప్పిట్లో ఉంది, ప్రాణం నిలబెట్టుకోవడానికి మాత్రం మొగుడి తోడు కావాల్సి వచ్చింది. బతికుండగా ఆసుపత్రికి తీసుకెళ్లని వాళ్లు, చచ్చాక నెలనెలా నాచేత అన్నం పెట్టించారు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె కోసం ఎవరైనా ఇలా ఏడ్చారో లేదో.

ముసలాయన నీళ్లు తెచ్చిచ్చాడు. "ఇంటికెళ్లండి బెన్. అమ్మాలనుకుంటే మీ ఆయనతో..." అని, మాట మధ్యలో తనే ఆగిపోయాడు.

నేను లేచి నిలబడ్డాను.

"భాయ్, ఇది మా ఆయనది కాదు. వాళ్లమ్మదీ కాదు. దీని మనిషి అమ్ముతానని మీ దగ్గరకు వస్తే తిప్పి పంపారు. ఇప్పుడు కొనండి. నాకూ అదే నొప్పి."

ఆయన బిళ్లను మళ్లీ తూకంలో వేశాడు. తర్వాత తలవంచుకుని ఆధార్ కార్డు అడిగాడు.

డబ్బు తీసుకుని ఆసుపత్రికి వెళ్తుంటే దారిలో ఫోన్ మోగింది. పరుశురాం. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ మోగుతుంటే కట్టేశాను.

ఆసుపత్రి కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి డాక్టరమ్మ రాసిన చీటీ చూసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూసింది.

"ఆపరేషన్ పడేలా ఉంది, ఒక్కదానివే వచ్చావా? నిన్ను ఎవరు పంపారు?"

"మా అక్క పంపింది" అన్నాను.