వెనక చక్రానికి గాలి

ఆ వీధిలో తెల్లారిందని చెప్పేది కోడి కాదు, దర్జీ పంపు. వీధి దీపాలు ఇంకా ఆరకముందే అతను ముందుగది తలుపు తీసి, గోడకు ఆనించిన సైకిలు వెనక చక్రం దగ్గర పంపు పెట్టి, పిడి పట్టుకుని వంగుతూ లేస్తూ గాలి కొట్టేవాడు. మేడ మీద అద్దెకుండే లెక్కల మాస్టారు ఆ చప్పుడుకే లేచి, కిటికీలోంచి తల బయట పెట్టేవారు.

"ఏమయ్యా దర్జీ, నీ పుణ్యమా అని మా ఇంట్లో అలారం కొనే పని తప్పింది."

"ఏమీ అనుకోకండి మాస్టారూ."

"అనుకోవడానికేముంది గానీ, ఎక్కే మనిషి లేని సైకిలుకి రోజూ గాలెందుకయ్యా అని మా ఆవిడ..." అంటూండగానే మాస్టారు నాలుక కరుచుకుని తల లోపలికి తీసుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నిజమే, ఎక్కే మనిషి లేదు. దర్జీకి సైకిలు తొక్కడం రాదు. నేర్చుకోమని పెళ్ళయిన కొత్తల్లో భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "కుట్టుమిషను మీద ఆడే కాళ్ళు పెడలు మీద ఆడవా?" అనేది. "మిషను ఉన్నచోటే ఉంటుంది, అందుకని ఆడతాయి" అనేవాడు. సైకిలు ఆవిడది. పందేల సైకిలు, ఒక చేత్తో ఎత్తి గోడకు తగిలించేంత తేలిక. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందంటే ఆసుపత్రికి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళింది. తిరిగి నడిచి రాలేదు.

వాళ్ళిద్దర్నీ కలిపింది టైరే. మామూలు సైకిలు టైరయితే అంచు పైకి తీస్తే లోపలి ట్యూబు చేతికొస్తుంది. పందేల సైకిలుకి వేసే ట్యూబులర్ టైరు అలా కాదు. ట్యూబుని లోపల పెట్టి దిండుగలీబులా చుట్టూ కుట్టేస్తారు. కుట్టిన వైపు రిమ్ముకి జిగురుతో అంటిస్తారు. రోడ్డు మీద వెన్నలా జారుతుంది గానీ, ముల్లు దిగిందంటే చచ్చే చావు. అంటించింది ఊడదీయాలి, కుట్లు విప్పాలి, ట్యూబుకి అతుకు వేయాలి, మళ్ళీ కుట్టాలి, మళ్ళీ అంటించి రాత్రంతా ఆరనివ్వాలి. పంక్చర్లు వేసేవాళ్ళు ఆ టైరుని చూడగానే చేతులెత్తేసేవారు. "ఇది మా పని కాదమ్మా, దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళు" అన్నాడొకడు వెటకారంగా. ఆవిడ నిజంగానే పట్టుకెళ్ళింది.

ప్యాంటు పొట్టి చెయ్యమనేవాళ్ళూ, కాలరు తిప్పి వెయ్యమనేవాళ్ళూ నిలబడి ఉన్న కొట్లో, బల్ల మీద బురద టైరు పెట్టి "కుడతారా?" అంది. కుర్రతనం, కాదనడానికి పౌరుషం అడ్డొచ్చింది. కుట్టాడు. మర్నాడే ఆవిడ టైరు మెళ్ళో వేసుకుని వచ్చింది. "ఒక్క చిల్లు ఇచ్చి వెళ్తే అరడజను చేసి ఇచ్చారు. మిగతావి కొసరా?" అంది. సూది ప్రతి కుట్టుకీ లోపలి ట్యూబులోకి దిగిందని అప్పుడు తెలిసింది. రెండోసారి ట్యూబుకీ సూదికీ మధ్య అట్టముక్క పెట్టి, దారానికి మైనం రాసి, చేత్తో కుట్టాడు. ఆ కుట్టు ఎన్ని ఊళ్ళు తిరిగినా వదల్లేదు. మూడోసారి టైరుతో పాటు మనిషి కూడా వచ్చేసిందని మరదలు ఇప్పటికీ వేళాకోళమాడుతూ ఉంటుంది.

పెళ్ళయ్యాక ప్రతి ఉదయమూ ఒకటే తీరు. ఆవిడ గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకునేది. అతను గాలి కొట్టి, బొటనవేలితో టైరు నొక్కి చూసి, "వెళ్ళు" అనేవాడు. ఆవిడ వెళ్ళేది. అంతే. వాళ్ళు పెద్దగా కబుర్లాడుకునే మనుషులు కారు.

ఆవిడ పోయిన కొన్నాళ్ళకి సైకిలు మీద దుమ్ము తుడుస్తుంటే వెనక చక్రం మెత్తగా తగిలింది. గాలి కొట్టి, వేలు తడి చేసి టైరంతా రాస్తే ఒకచోట బుడగ లేచింది. గుండుసూది మొనంత ముల్లు. సాయంత్రం విప్పి కుడదాంలే అనుకున్నాడు. తెల్లారేసరికి మళ్ళీ మెత్తబడింది. మళ్ళీ గాలి కొట్టాడు. ఆ సాయంత్రమూ కుట్టలేదు. ఊడిన గుండీ దర్జీ చేతిలో పొద్దుగూకేదాకా ఉండదని ఆ వీధిలో పేరు. అటువంటివాడు ఆ ముల్లుని అలాగే ఉంచాడు. రోజూ తెల్లవారుజామున మెలకువ వచ్చేది. టైరు మెత్తబడి ఉండేది. లేవడానికి ఒక పని ఉండేది.

ఒక ఆదివారం, అతను పంపు పక్కన పెట్టీ పెట్టకముందే తలుపు చప్పుడైంది. మరదలు. తలకి హెల్మెట్టు, వీపున సంచి.

"లేచే ఉన్నావా బావా? తలుపు కొడితే తిడతావేమోనని భయపడుతూ వచ్చాను."

"భయపడ్డం ఎప్పుడు నేర్చుకున్నావే పిచ్చుకా?" అన్నాడు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఆమెకు పెట్టిన పేరు అది. ఇప్పుడు నలభైకి దగ్గర పడినా పేరు మారలేదు, మనిషీ మారలేదు.

"అక్క సైకిలు ఒక్క పూట ఇస్తావా? ఇవాళ మా క్లబ్బు పందెం. నా బండి ముందు చక్రం ఫోర్కు పగులిచ్చిందని రాత్రి చూసుకున్నాను. కొండ రోడ్డు ఎక్కి దిగి రావాలి."

దర్జీ సైకిలు వైపు చూశాడు. ఇవ్వనని నోట రాలేదు. ఇస్తాననీ రాలేదు. మరదలికి అంత ఓపిక లేదు. వంగి, ముందు చక్రం, వెనక చక్రం వేళ్ళతో నొక్కింది.

"రాయిలా ఉన్నాయే! బావా, ఏడాదిగా కదలని బండిని పందేనికి సిద్ధంగా పెట్టావేంటి? నేనొస్తానని కలొచ్చిందా?"

"ఊరికే... పాడవకుండా."

"నువ్వు మహా ఘటికుడివి" అంటూ సైకిలు బయటికి నడిపించింది.

నోరు మూసుకుంటే సరిపోతుంది. గాలి ఇప్పుడే కొట్టాడు. పూర్తిగా మెత్తబడడానికి రాత్రంతా పడుతుంది. సాయంత్రానికి పిల్ల తిరిగొస్తుంది, రేపు తెల్లారి మళ్ళీ తను గాలి కొట్టుకుంటాడు. దర్జీ అలాగే అనుకున్నాడు. కానీ గోడకు ఆనుకుని ఉండే చక్రం వేరు, మనిషిని మోసే చక్రం వేరు. కొండ దిగుతూ మలుపు తిరిగేటప్పుడు వెనకది మెత్తబడితే బండి కింద నుంచి జారిపోతుంది. ఈ సంగతి భార్య చెప్పిందే. మోచేతి మీద మచ్చ చూపించి మరీ చెప్పింది.

మరదలు కాలు ఎత్తి సీటు మీద వేయబోయింది.

"ఆగవే. వెనకది కారుతోంది."

"ఇంత గట్టిగా ఉంది కదా?"

"ఇప్పుడే కొట్టాను. రోజూ కొడుతున్నాను. ముల్లుంది."

"రోజూనా? ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది."

మరదలు పకపకా నవ్వింది. "బాగుంది! ఊళ్ళోవాళ్ళ చినుగులన్నీ కుట్టి, మా ఇంటి చిల్లు మాత్రం అలా ఉంచావా? కుట్టడం చేతకాక కాదు, దారం లేక కాదు. మరెందుకు కుట్టలేదు బావా?"

దర్జీ పంపు తీసి గోడవారగా జరిపాడు, మళ్ళీ ఉన్నచోటికే జరిపాడు. అప్పుడు చూసింది మరదలు. పంపు అడుగు రోజూ ఒకేచోట ఒరుసుకుని, గచ్చు నేల మీద అరచేతంత మేర నునుపుదేలి మెరుస్తోంది. ఆమె నవ్వు దానంతటదే ఆగిపోయింది.

సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. "కుట్టి అంటించడానికి టైము లేదు. ఇది పోద్దాం."

దర్జీకి ఆ సీసా తెలుసు. సీలెంటు. పాలలా తెల్లగా ఉంటుంది. ట్యూబులో పోస్తే ఎక్కడ చిల్లుంటే అక్కడికి పారి, గాలి తగలగానే గడ్డకట్టి పూడ్చేస్తుంది. భార్య ఒకసారి కొనుక్కొచ్చింది. "దారిలో ముల్లు దిగినా దానంతటదే మూసుకుంటుందట. నీకు చాకిరీ తప్పుతుంది" అంది. "చాకిరీ అని నేనన్నానా?" అన్నాడతను. ఆ పూటా, మర్నాడూ సరిగ్గా అన్నం తినలేదు. ఆవిడ ఏమీ అనకుండా సీసా వెనక్కి ఇచ్చేసి వచ్చింది.

"కష్టమైతే చెప్పు బావా. పందెం మానేస్తాను, నాకేం పోయింది?" అంది మరదలు. గడియారం వైపు మాత్రం చూస్తూనే ఉంది.

"ఇలా ఇవ్వు. నీవి కంగారు చేతులు."

సైకిలుని తలకిందులుగా నిలబెట్టాడు. చిమటాతో ముల్లు లాగితే గాలి సన్నగా ఈల వేసింది. ఇన్నాళ్ళూ గాలి కొట్టి నిలబెట్టుకొచ్చింది ఈ కాస్త ముల్లునా అని అరచేతిలో వేసుకుని చూశాడు. గుండీల డబ్బాలో పడేశాడు. మిగిలిన గాలి వదిలేసి, వాల్వు లోపలి పిన్ను విప్పి, వాల్వు అడుగున ఉంటే మందుకే మూసుకుపోతుందని చక్రం తిప్పి దాన్ని పక్కకి తెచ్చి, సీసా మూతి ఆనించి నొక్కాడు. ఘాటు వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. పిన్ను బిగించి గాలి కొట్టి, చిల్లున్న వైపు కిందికి తెచ్చాడు. చిల్లులోంచి తెల్లటి తుంపర లేచి అతని చొక్కా మీద పడింది. ఇంకో తుంపర. తర్వాత ఒక బొట్టు ఉబ్బి, కదలకుండా నిలిచిపోయింది. ఈల ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు దర్జీ. అంత తొందరగా అయిపోతుందని అతను అనుకోలేదు.

"ఇప్పుడే తొక్కితే లోపలంతా సర్దుకుంటుంది. ఇంకొంచెం గాలి కొట్టు" అంటూ మరదలు గడప మీద చతికిలబడి బూట్ల లేసులు బిగించుకుంది. ఏదో తలచుకుని చేసింది కాదు, అక్కడ కూర్చోవడానికి వేరే చోటు లేదు. దర్జీ పంపు పిడి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. కొట్టాడు. వంగి బొటనవేలితో టైరు నొక్కాడు.

"వెళ్ళు" అన్నాడు.

ఆ రోజు కొట్లో పని సాగలేదు. ఒక చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాడు. సాయంత్రం మరదలు ఒళ్ళంతా దుమ్ముతో వచ్చింది.

"ఎన్నో స్థానం?"

"వెనక నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతాను" అంది నీళ్ళు గటగటా తాగుతూ. "టైరు మాత్రం బంగారం బావా. మలుపుల్లో భయమే వెయ్యలేదు."

"సైకిలు ఇక్కడే పెట్టి వెళ్ళు."

"ఇక్కడే పెడతాను. నీ దగ్గర్నుంచి ఎవరు పట్టుకెళ్తారు?" గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "చొక్కా మీద మరకలు ఆరితే పోవు, తొందరగా ఉతుక్కో" అని వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. దర్జీ ముందుగదిలోకి వచ్చి, పంపు తీసి, నేల మీద నునుపుదేలిన చోట పెట్టి, వెనక చక్రం నొక్కాడు. రాయి. వేరేచోట నొక్కాడు. అక్కడా రాయే. రాత్రంతా ఒక్క పిసరు గాలి పోలేదు. పంపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. బయట పేపరు వేసేవాడి బెల్లు వినిపించింది, దూరమైంది. ఇంట్లో గిన్నె కదిలిన చప్పుడు కూడా లేదు. తను కదిపితేనే కదా కదిలేది.

దీపం వేసి, చక్రం మెల్లగా తిప్పితే దొరికింది. మెంతిగింజంత తెల్లటి చుక్క. కుట్టు ముగించాక వేసే ముడిలా ఉంది. దర్జీ వంటింటి వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. దొంగతనం చేస్తున్నవాడిలా వంగి, గోటితో ఆ చుక్క పెకలించాడు.

గాలి ఈల వేసింది. అతను పంపు దగ్గరికి లాక్కున్నాడు.

ఈల పూర్తిగా లేవకముందే లోపల్నుంచి తెల్లటి బొట్టు ఒకటి ఊరి వచ్చింది. వణికింది. ఉబ్బింది. నిలిచిపోయింది. గది మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. గోరు ఇంకోసారి దగ్గరికి తీసుకెళ్ళాడు గానీ ఆనించలేదు. ఎన్నిసార్లు పెకలించినా అంతే. దానంతటదే మూసుకుంటుంది. నీకు చాకిరీ తప్పుతుంది అంది ఆవిడ. ఆ మాట అన్ననాడు అతనికి కోపం ఒక్కటే వచ్చింది. ఆవిడ మొహం ఎలా ఉందో చూడలేదు.

పైన కిటికీ రెక్క తెరుచుకుంది. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా? ఇవాళ చప్పుడు లేదేం?"

"బాగానే ఉంది మాస్టారూ. టైర్లో గాలి ఉంది."

"అలాగా" అన్నారు మాస్టారు. కిటికీ వెంటనే మూయలేదు. ఇంకేదైనా చెబుతాడేమోనని చూసి, తర్వాత మూశారు.

దర్జీ పంపుని మడతమంచం కిందికి తోసి, ఫోను తీశాడు. చాలాసేపు మోగాక మరదలు గొంతు కంగారుగా పలికింది. "బావా! ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"మరి ఇంత పొద్దున్నే?"

"ముందు చక్రం సంగతి ఏంటి? దానిక్కూడా ఆ మందు పోస్తే మంచిది కదా."

"ముందు చక్రానికి ఏమైంది? నిన్న బాగానే ఉందే."

"బాగానే ఉందిలే." అతను గోటికి అంటుకుని ఆరిపోయిన తెల్లటి పొరని గీక్కున్నాడు. "ముందుజాగ్రత్తకి."

అవతల ఆవలింత ఆపుకుంటున్నట్టుగా వినిపించింది.

"సీసాలో ఇంకాస్త మిగిలింది" అంది మరదలు. "ఆదివారం తీసుకొస్తాను. పొద్దున్నే వస్తే తిట్టవు కదా?"

"నేను లేచే ఉంటాను" అన్నాడు దర్జీ.

ఫోను పెట్టేశాక కూడా కొట్టు తెరవడానికి ఇంకా బోలెడంత పొద్దుంది. ఆదివారానికి ఇంకా చాలా ఉంది. దర్జీ ఇంట్లో మిషను ముందు కూర్చుని, నిన్న విప్పి కుట్టి ఇంటికి తెచ్చుకున్న చొక్కా చెయ్యి ఇంకోసారి సరిచూసుకున్నాడు.