అన్నయ్య గదిలో ఉండగా

మా అన్నయ్యకి చెప్పుకోవడం కంటే గోడకి చెప్పుకోవడం నయం. గోడ కనీసం ఎదురు వాదించదు.

నేను మెదడు మీద పరిశోధన జరిగే ల్యాబులో ఈఈజీ టెక్నీషియన్ని. వచ్చినవాళ్ల తలకి వైర్ల టోపీ తొడిగి, జుట్టు పాయలు తీసి జిగురు ఎక్కించి, మెదడులోని విద్యుత్తును తెరమీద గీతలుగా పట్టడం నా పని. ఆ విద్యుత్తు తలమీద ఒక నమూనాలో నిలబడి, రెప్పపాటైనా కాకుండానే ఇంకో నమూనాలోకి మారిపోతుంది. బొమ్మలతో ఆలోచించేవాళ్లలో ఒక నమూనా, మాటలతో ఆలోచించేవాళ్లలో మరొకటి కాస్త ఎక్కువగా వస్తాయా అని మా డాక్టరమ్మ చూస్తున్నారు. బోలెడంతమందిని కలిపి చూస్తే ఏదో కొద్దిపాటి తేడా. అంతేగాని జాతకం కాదు.

ఖర్మ కాలి ఈ సంగతి అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర వాగాను.

అన్నయ్యకి స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ఇంట్లో ఒక లాయరుండాలని ఆయన పంతం. మేనకోడలేమో కుర్చీలూ బల్లలూ రూపొందించే చదువులో సీటు తెచ్చుకుంది. చేరడానికి రేపే ఆఖరు రోజు. అది తండ్రి ముందు నోరు విప్పదు, ఆయన మూయడు.

"నీ మిషను బొమ్మల మెదడంటే ఆ కుర్చీల్లోనే చేరుస్తా. మాటల మెదడంటే లా. ఇంక నన్నడగొద్దు" అన్నాడు.

ఒక్క మనిషి విషయంలో అది తేలదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా రావచ్చన్నాను. వింటేనా. "నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పిల్ల మాత్రం మెల్లిగా "పోనీ తియ్యి అత్తా" అంది. పాపం, దానికి అదొక్కటే దారిగా కనిపించింది.

ఆ మధ్యాహ్నమే ల్యాబులో డాక్టరమ్మ అనుమతి తీసుకుని, పిల్లకి టోపీ తొడిగి, కళ్లు మూసుకోమన్నాను. అన్నయ్య బయట బెంచీ మీద కూర్చున్నాడు. గీతలు నున్నగా వచ్చాయి. చివర్లో కంప్యూటరు వేసిన రంగుల తలకాయల్లో, బొమ్మలతో ఆలోచించడానికి డాక్టరమ్మ ముడిపెట్టే నమూనా కాస్త ఎక్కువుంది. అన్నయ్య లోపలికొచ్చి తెర చూశాడు.

"నేను లేనప్పుడు నువ్వేదో కిరికిరి చేశావు. దాన్ని వెనకేసుకొస్తావుగా. మళ్లీ తియ్యి. నేనిక్కడే కూర్చుంటా."

నాకు జుట్టు పీక్కోవాలనిపించింది. అయినా తీశాను. అన్నయ్య స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని, సరిగ్గా పిల్లకి ఎదురుగా కూర్చున్నాడు. అంతే, చెవుల దగ్గరి గీతలన్నీ బొంతపురుగుల్లా తయారయ్యాయి. దవడ బిగిస్తే అలాగే వస్తాయి.

"పళ్లు బిగించకమ్మా" అన్నాను. వదులు చేసింది. ఆయన దగ్గాడు. మళ్లీ బిగించింది.

ఆ చెత్తంతా తీసేసి చూస్తే ఈసారి మాటల నమూనా పైకొచ్చింది.

"చూశావా" అని అన్నయ్య తొడ చరిచాడు. "లాయరే. పదండి ఇంటికి."

రికార్డింగు అయ్యాక ఏం ఆలోచించారని అడగడం మా పద్ధతి. ఈయన గోలలో మొదటిసారి అడగనే లేదు. టోపీ తీస్తూ ఇప్పుడు అడిగాను.

"మొదటిసారి కుర్చీ" అంది పిల్ల. "మూడు కాళ్లది. వెనక్కాలు ఎక్కడ వంగాలో తిప్పి తిప్పి చూసుకున్నా."

"ఇప్పుడో?"

అది తండ్రి వైపు చూసి తల దించుకుంది. "నాన్నకెలా చెప్పాలా అని. ఒక్కో మాటా అనుకుంటున్నా, తిడతాడేమోనని చెరిపేసుకుంటున్నా. మొత్తం అదే."

అన్నయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"సరే, నేను బయటుంటా" అన్నాడు చివరికి. "ఇంకోసారి తియ్యి."

ఇంక నావల్ల కాలేదు. "ఇంకా మిషనేంటి అన్నయ్యా? పిల్ల ఎదురుగానే ఉంది కదా, నోరు పెట్టి అడిగి చావు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. పిల్ల దవడ మళ్లీ బిగుసుకుంది. ఈసారి ఆయన కూడా చూశాడు. స్టూలు పక్కకి జరుపుకుని, దానివైపు చూడకుండా, "మూడు కాళ్లతో పడిపోదా?" అన్నాడు.

"పడదు నాన్నా" అంటూ మొదలుపెట్టింది. జుట్టంతా జిగురు, మెడమీదికి కారుతోంది, అయినా ఆపితేనా. బరువెక్కడ పడుతుందో, కర్ర ఎటు చీలుతుందో, ఏ లాయరూ అంతసేపు వాదించడు. అన్నయ్య నావైపు తిరిగి నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు.

"'చూశావా, మాటల మెదడే' అంటే మాత్రం ఊరుకోను" అన్నాను.

ఆయన నోరు మూసుకున్నాడు. కూతురివైపు తిరిగి, "ఆ వెనక్కాలు సంగతి మళ్లీ చెప్పు" అన్నాడు.