యల్మారి రాగి కెటిల్

సైమికీ యల్మారికీ మధ్య నిరుటి ఎండాకాలం నుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఏడు నెలలు మంచు తప్ప ఏమీ కనిపించని తోర్నియో నది ఒడ్డున పచ్చగడ్డి ఎక్కడ దొరుకుతుందని అడక్కండి. దొరక్కపోయినా భగ్గుమంటూనే ఉంది.

గొడవంతా సాల్మన్ చేప గురించే. ఎండాకాలంలో నదికి అడ్డంగా కట్టిన కంచెలో పడ్డ చేపల్ని ఊళ్ళోని తొమ్మిది ఇళ్ళూ పంచుకుంటాయి. ఒడ్డున తొమ్మిది కుప్పలు పోస్తారు. ఒకడు వాటికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఇంకొకడు ఒక కుప్పను కర్రతో చూపించి, "ఇది ఎవరిది?" అంటాడు. కూర్చున్నవాడు ఒక ఇంటి పేరు చెబుతాడు. తల తిప్పి చూశాడా, వచ్చే ఏటి వాటా పోయినట్టే. ఇరవై ఏళ్ళుగా అలా కూర్చునేది యల్మారే. మూడేళ్ళు వరసగా అన్నిటికన్నా పెద్ద చేప యల్మారి ఇంటికే చేరేసరికి సైమికి ఒళ్ళు మండింది. "నీ వీపుకి కళ్ళున్నాయా?" అని అందరి ముందూ అడిగేసింది. ఎలా చూస్తున్నాడో మాత్రం చెప్పలేకపోయింది.

ఊరు తీర్పు చెప్పింది. మార్చి సభలో రుజువైనా చూపించాలి, అన్న మాటైనా వెనక్కి తీసుకోవాలి. లేదంటే సైమి ఇంటికి వాటా లేదు. మొగుడు పోయి ఒంటరిగా బతుకుతున్న మనిషి. వాటా పోతే చలికాలమంతా ఉప్పుచేపల పీపా ఖాళీ. అందుకే ఆ పొద్దున పీపాలో మిగిలిన ఆఖరి సాల్మన్‌ను సభ విందు కోసం సంచిలో వేసుకుని, పళ్ళు నూరుకుంటూ మాట వెనక్కి తీసుకోవడానికే బయల్దేరింది.

ఆ ఊళ్ళో ఇళ్ళు దూరదూరాన ఉంటాయి. సభ జరిగే చోటికి గడ్డకట్టిన నది మీదుగా పదిహేను కిలోమీటర్లు. అరవై ఏళ్ళొచ్చినా స్కీ చెక్కల మీద సైమికి ఆ ఒడ్డున సాటి లేరు. రాత్రి పడ్డ మంచు మోకాలి దాకా ఉంది. దాన్ని తొక్కుతూ తొలి జాడ వేస్తుంటే కాసేపు ఆమెకు సభ సంగతే గుర్తు రాలేదు. అంతలో వెనక స్కీల చప్పుడు. యల్మారి ఆమె జాడలోనే హాయిగా జారుతూ వస్తున్నాడు. ఒకరి జాడ పట్టుకున్నవాడు కాసేపటికి ముందుకొచ్చి తన వంతు మంచు తొక్కాలి. అది పిల్లలకు కూడా తెలిసిన మర్యాద.

"వంతు తీసుకోవయ్యా!" అంది సైమి.

"నువ్వు బాగానే తొక్కుతున్నావుగా. ఎలాగూ ఇవాళ తల వంచేదానివే, ఇప్పట్నుంచే వంచుకుని నడు."

"నడుం పడిపోయిందని చెప్పు, ముసలి ఎద్దా! వీపు మీద మోసుకుపోతా."

"మాటలకేం, పీపాలకొద్దీ ఉన్నాయి నీ దగ్గర. లేనివల్లా చేపలే."

ఆ మాట సైమి గుండెల్లో గుచ్చుకుంది. కర్రలు మంచులో గట్టిగా పొడిచి ముందుకు తోసింది.

సగం దారిలో గాలి లేచింది. కన్ను పొడుచుకున్నా దారి కనిపించకపోవడంతో ఇద్దరూ లంకలోని జాలర్ల గుడిసెలో దూరారు. ఒకే కప్పు కింద చేరితే తిండి పంచుకోవాలి, శత్రువైనా సరే. యల్మారి మంట వేసి తన రాగి కెటిల్ పెట్టాడు. ఆ ఊళ్ళో అందరి కెటిళ్ళూ మసిబొగ్గులే. ఎంత నల్లబడితే కాఫీ అంత రుచి అంటారు. యల్మారిది మాత్రం పెళ్ళికూతురిలా తళతళలాడుతుంది. చేపల పంపకానికి కూర్చున్నా కాఫీతో అది ముందుండాల్సిందే. దాన్ని చూసి నవ్వని ఇల్లు లేదు.

సైమి సాల్మన్‌లోంచి ఒక పొట్ట ముక్క, ఒక తోక ముక్క కోసింది. "వీపు తిప్పు. పద్ధతిగా పంచుకుందాం."

యల్మారి వెనక్కి తిరిగి, కెటిల్‌ను దించి ముందు పెట్టుకుని, చేతి గుడ్డతో ఒకసారి తుడిచాడు.

"ఇది ఎవరిది?" అంటూ ఆమె కత్తిమొనతో తోక ముక్కను చూపించింది.

"నీది."

సైమి తల ఎత్తింది. అతని భుజం మీంచి చూస్తే, కెటిల్ బొజ్జ మీద ఎర్రటి చేప, కత్తి, తన మొహం బుల్లిగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇరవై ఏళ్ళు! నవ్విన ప్రతి ఇంటినీ దోచేశాడు వీడు! నాలిక చివరి దాకా వచ్చిన తిట్టును మింగేసింది. సైమి నోరు మూసుకోవడం యల్మారి ఎన్నడూ చూడలేదు, అలిసిపోయిందనుకున్నాడు. కొవ్వు కారుతున్న పొట్ట ముక్క తిని వేళ్ళు నాక్కున్నాడు. తోక ముక్క అంత రుచిగా ఉంటుందని సైమికి ఆ రోజే తెలిసింది.

గాలి తగ్గాక మిగతా దారంతా ఆమే తొక్కింది. వంతు మాటే ఎత్తలేదు.

సభలో కంచె పెద్ద అన్సెల్మి, "ఏమ్మా సైమీ, రుజువా, వెనక్కా?" అన్నాడు.

"వెనక్కే, పెద్దాయనా. ముందు ఈ సాల్మన్‌ను పద్ధతిగా పంచండి. యల్మారే కూర్చోవాలి."

యల్మారి ఇకిలిస్తూ వీపు తిప్పి, కాఫీ కెటిల్ ముందు పెట్టుకున్నాడు. సైమి తన తలగుడ్డ విప్పి కెటిల్‌కు చుట్టేసింది. "కాఫీ చల్లారిపోతుంది, పాపం!"

అన్సెల్మి తొమ్మిది ముక్కల్లో ఒకదాని మీద కర్ర పెట్టాడు. "ఇది ఎవరిది?"

యల్మారి చెయ్యి గుడ్డ వైపు పోయింది.

"దాన్నెందుకు ముట్టుకుంటావ్? అడిగింది చేప గురించి!" అంది సైమి.

"ఎవరిదోయ్?"

దొంగకు తేలు కుట్టినట్టు యల్మారి కిక్కురుమనలేదు. ఏదో ఒక పేరు చెబితే పోయేది. కానీ అది పెద్ద ముక్కేమోనని అతని ప్రాణం కొట్టుకుంటోంది. అన్సెల్మి మూడోసారి అడిగేసరికి తల తిప్పి చూసేశాడు.

సైమి గుడ్డ లాగేసింది. అన్సెల్మి వంగి యల్మారి భుజం మీంచి కెటిల్‌లోకి చూశాడు. ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు.

"వచ్చే ఏడు నీకు వాటా లేదు," అన్నాడు అన్సెల్మి.

సైమి తలగుడ్డ కట్టుకుంది. "ఇంటికెళ్ళేటప్పుడు ముందు నువ్వు నడు, యల్మారీ. వెనక నేనుంటాను. తల తిప్పావో, చూస్కో!"