అంగిటి మీద పెంకు

ఇలా వచ్చి నా మంచం పట్టె మీద కూర్చో, లోవలక్ష్మీ. పన్నుకు సిమెంటు వేయించుకుని వచ్చిన దగ్గర్నుంచి నాలుకతో దాన్నే తడుముతున్నావు, చూస్తూనే ఉన్నాను. గరుకుగా ఉందా? అయితే ఈ కథ నీకే.

దేవుడమ్మ మీ తాతకు అక్క, నాకు వదిన. రోలుగుంటలో చెరకు రైతు సింగన్న గారి భార్య. ఆవిడ గదమాయిస్తే కట్టుతాడు తెంపుకున్న దూడ కూడా వెనక్కి వచ్చేది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళలాగే అడ్డపొగ తాగేది. అడ్డపొగంటే నీకేం తెలుసు! చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. నాట్లప్పుడు చేతులు బురదలో ఉంటాయి, పైన గాలీ వానా. నిప్పు లోపలుంటే ఆరిపోదు.

నలభై దాటకుండానే వదిన పై పళ్ళన్నీ కదిలి ఊడిపోయాయి. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో మన నర్సీపట్నంలోనే, సోమయాజులు డాక్టరు గారి దగ్గర పైవరుసకు కట్టుడుపళ్ళ సెట్టు కట్టించాం. గులాబిరంగు ప్లేటు అంగిలంతా కప్పేసేది. రాత్రి తీసి నీళ్ళలో వేయమనీ, చుట్ట మానమనీ ఆయన చెప్పారు. వదిన ఊఁ కొట్టింది. రెండూ చేయలేదు.

తీయకపోవడం సిగ్గువల్ల. బోసినోరు మొగుడి కంట కూడా పడనివ్వలేదు. చుట్ట ఎందుకు మానలేదో వింటే నవ్వుతావు.

"ఇదివరకంటే అంగిలి సుర్రుమనేది మరదలా. ఇప్పుడు పెంకేయించీసేను గదా! ఇంకెంత పొగెట్టినా ఇల్లు కాలదు."

రెండేళ్ళు గడిచాయి. కొడుకు కొండబాబుకు మాకవరపాలెం సంబంధం కుదిరింది. పెళ్ళి బట్టలు కొనడానికి వచ్చి మా ఇంట్లో భోజనానికి కూర్చున్న వదిన ఆవకాయ జాడీ పక్కకు నెట్టేసింది. అన్నంలో మజ్జిగ పోసుకుని నమలకుండా మింగుతోంది. ఆవకాయ లేకపోతే ముద్ద దిగని మనిషి! నాకు అనుమానం వచ్చింది. అంతకు ముందటేడు నా దవడపన్నుకు వేసిన సిమెంటు అంచు విరిగి, నాలుకను గీసి గీసి పుండు చేసింది. ఏం పూసినా తగ్గలేదు. డాక్టరు గారు ఆ అంచు అరగదీశాకే మానింది. రాసుకునేది రాసుకుంటూ ఉంటే పుండు మానదని నా నోరే నాకు నేర్పింది.

లేచి వంటింటి తలుపు గడియ పెట్టాను.

"తియ్యి వదినా."

"ఏటి తియ్యడం? పిచ్చిగాని ఎత్తిందేటే నీకు?"

"నువ్వు సెట్టు తీసేదాకా నేను గడియ తియ్యను. బట్టల కొట్టు కట్టీస్తారు, సూసుకో మరి."

వదిన నన్ను చూసింది, గడియను చూసింది. చివరకు అటు తిరిగి తీసి, కిటికీ వెలుగులో నోరు తెరిచింది. ప్లేటు ఎంత మేర ఉంటుందో అంత మేరా అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది. మధ్యలో తెల్లంచు పుండు. చుట్ట నిప్పు తగిలి ప్లేటు మీద గోధుమరంగు మచ్చ. ఆ వేడికే కాబోలు, కాస్త వంకర తిరిగింది కూడా.

చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు గారి దగ్గరకు నడిపించాను. ఆయన పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు విశాఖపట్నం పంపారు.

"వంకర ప్లేటు కదిలినప్పుడల్లా రాసుకుంటోందమ్మా. రాత్రి కూడా తీయకపోతే కింద చర్మానికి విశ్రాంతి ఏది? దానికి తోడు నిప్పు! పుండు మానేవరకు సెట్టు పెట్టొద్దు. చుట్ట ఇక ఎప్పటికీ వద్దు. ఇలాంటివి కేన్సరుగా మారడం చూశాను నేను" అన్నారు.

"నెల్లో పెళ్ళండీ బాబూ. అదయ్యాక తీసీస్తాను."

"పుండుకు ముహూర్తాలు తెలియవమ్మా."

ఇంటికొచ్చాక వదిన గుమ్మంలో ఆగి కొంగుముడి విప్పి, సెట్టునూ రొంటినున్న చుట్టల కట్టనూ నా చేతిలో పెట్టింది.

"ఇవి దాసీయే మరదలా. నేను కాళ్ళట్టుకున్నా ఇవ్వకు."

కాళ్ళు పట్టుకోలేదు గానీ, పెళ్ళినాడు విడిదింట్లో పట్టుచీర కట్టుకుని నా పక్కకు చేరింది. పరీక్షలో కేన్సరు లేదని అప్పటికే తెలిసింది. దాంతో పట్టు సడలింది.

"ఒక్క పూటకే, ఇచ్చీయే. పెళ్ళికూతురి తల్లి సోమలమ్మ నోరు నీకెరికే గదా. అందరి ముందరా ఆడీసుకుంటాది నన్ను."

సెట్టు నా సంచిలోనే ఉంది. ఇవ్వలేదు. అద్దం ఇచ్చాను. వదిన నోరు తెరిచి చూసుకుంది. పుండు పెసరగింజంత మిగిలింది.

"ఇంకా ఉంది వదినా."

"ఉంది" అంది. అద్దం బోర్లించి పందిట్లోకి నడిచింది.

సోమలమ్మ వదుల్తుందా! వియ్యపురాళ్ళ ఎకసెక్కాలు పెళ్ళి ఆనవాయితీ, బదులు చెప్పలేని పక్షం ఓడినట్టే.

"ఏటి వదినగోరూ, పెళ్ళికొడుకు తల్లికి పళ్ళేవి? మా పిండివంటలకి బయపడి పారిపోనాయేటి?"

వదిన కొంగు అడ్డం పెట్టుకోలేదు. నోరారా బోసినవ్వు నవ్వింది.

"ఇంటికాడ కాపలా ఎట్టొచ్చేను వదినా. ఉత్త నోటికే నీకాడ జవాబు ఉండదు, పళ్ళు కూడా తెస్తే తట్టుకోగలవేటి?"

పందిరంతా గొల్లుమంది. ఆ పూట సోమలమ్మే దగ్గర కూర్చుని వదినకు పరమాన్నం మెత్తగా కలిపి పెట్టింది.

పుండు పూర్తిగా మానాకే కొత్త సెట్టు కట్టించాం. అప్పటినుంచి వదిన పడుకునే ముందు ఇంటిల్లిపాదీ చూస్తుండగా తీసి, కడిగి, నీళ్ళ గ్లాసులో వేసేది. చుట్ట మళ్ళీ ముట్టలేదు. ఎవరైనా అడ్డపొగ వెలిగిస్తే పక్కకు పిలిచి, నోరు తెరిచి తన అంగిటి మీది మచ్చ చూపించేది.

నువ్వు రేపు పొద్దున్నే వెళ్ళి ఆ సిమెంటు అంచు నున్నగా చేయించుకో. రోలుగుంట వెళ్ళినప్పుడు, చుట్ట కాల్చే అమ్మలు కనబడితే వాళ్ళ పక్కన కూర్చుని దేవుడమ్మ సంగతి చెప్పు. నేను ఉన్నా లేకపోయినా చెప్పు. కథ ఆవిడ బోసినవ్వు దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వు తల్లీ, అక్కడ తప్పొద్దు.