డబ్బా తినేసిన వారం

యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమెను అందరూ కాలర్లక్క అంటారు. చేతులూ జేబులూ ఎవరైనా కుడతారు గానీ, మెడ దగ్గర ముడత పడకుండా కాలరు కూర్చోబెట్టాలంటే చొక్కా ఆమె మిషను దగ్గరికే రావాలి. భర్త సిటీ బస్సులో కండక్టరు. అత్తగారు ఏళ్ళ తరబడి బస్‌స్టాండులో టీ బండి నడిపి, మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున ఉంటున్న మనిషి. కూతురు హైస్కూల్లో చదువుతోంది. రెండు గదులు, ఒకరు నిలబడితే ఇంకొకరు పక్కకు తప్పుకోవాల్సిన వంటిల్లు. ఆ ఇంటి సంసారమంతా అదే.

ఆ ఏడాది స్కూల్లో పరుగుపందెం జరుగుతుంటే కూతురు కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. ఎలాగూ వచ్చారు కదా అని డాక్టరమ్మ మిగతావాళ్ళకీ పరీక్షలు రాసింది. అత్తగారికి షుగరు, కండక్టరుకి బీపీ బయటపడ్డాయి. డాక్టరమ్మ మాత్రలిచ్చి, అవి మానొద్దని గట్టిగా చెప్పింది. ఆకుకూరలు, గింజలు, గుడ్లు, పళ్ళు తినమంది. చక్కెర, ఉప్పు, నూనె తగ్గించమంది.

మందుల షాపు ముందు నిలబడి కండక్టరు నిట్టూర్చాడు. "ఆవిడకేం, చెప్పేసింది. ఆ లెక్కన తినాలంటే బస్సు అమ్మాలి. ఆ బస్సైనా నాది కాదాయె."

సంగతి తెలిసిన మర్నాడే మరిది ఊడిపడ్డాడు. చిన్నప్పటి నుంచీ అందరికీ పనులు పురమాయించే అలవాటు వల్ల అతన్ని మేనేజరు అని పిలుస్తారు. ఏనాడూ దేనికీ మేనేజరు కాలేదు. ఈమధ్య ఏదో ఆరోగ్యపు పొడి కంపెనీలో చేరాడు. పెద్ద సంచిలోంచి మూడు డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. అమ్మకి నీలం డబ్బా, అన్నయ్యకి పచ్చది, పాపకి గులాబీది.

"పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అంతే వదినా. కూరగాయల్లో ఏముంది ఈ రోజుల్లో? అంతా పురుగుమందులే. సారమంతా ఇందులో ఉంది."

ధర విని కాలర్లక్క డబ్బాలు అతని వైపు జరిపింది. కండక్టరు మాత్రం తమ్ముడి మొహం చూసి కాదనలేకపోయాడు. ఆ నెల నుంచి డబ్బాలు రావడం మొదలైంది.

అప్పటికే ఆ ఇంటి బండి నెలాఖరుకి మూలుగుతూ నడిచేది. ఇప్పుడు చివరి వారం వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయేది. ఆ వారమంతా తెల్లన్నం, బంగాళాదుంపలు, చవక ప్యాకెట్టు సేమ్యా. ఒక రాత్రి కంచం ముందు కూర్చుని కూతురు అంది.

"అమ్మా, నాకు రక్తం కావాలన్నారు కదా? బంగాళాదుంపల్లో ఉంటుందా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందరూ లేచాక కాలర్లక్క నీలం డబ్బా తీసి దీపం కిందికి తెచ్చింది. వెనక చీమలబారులా రాసి ఉన్న అక్షరాలు చదవడం సూదిలో దారం ఎక్కించే కళ్ళకి కష్టం కాదు. అందులో ఏమేం కలిపారో రాసిన చోట మొట్టమొదటి మాట చక్కెర.

షుగరున్న ముసలామె రోజూ రెండు పూటలా చక్కెర నీళ్ళు తాగుతోందన్నమాట. దానికోసం ఇంటిల్లిపాదీ నెలలో ఒక వారం కడుపు మాడ్చుకుంటున్నారు. కాలర్లక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

తర్వాతి నెల మేనేజరు డబ్బాలతో వచ్చినప్పుడు ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"వెనక్కి తీసుకెళ్ళు. ఇకనుంచి మాకొద్దు."

"అదేంటి వదినా, అలా అంటే ఎలా? కోర్సు మధ్యలో ఆపకూడదు."

"డబ్బా వెనకాల ఏం రాశారో చదివావా నువ్వు?"

"అవన్నీ సైన్సు మాటలు. మనకర్థం కావు."

"చక్కెర అన్న మాట నాకు అర్థమవుతుంది. నీకు కాకపోతే పాపని పిలుస్తాను, చదివి పెడుతుంది."

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "మా అమ్మకేమైనా అయితే నీదే పూచీ!"

"ఇన్నాళ్ళూ ఎవరిది? రోజూ ఆవిడకి గంజి కాచిందెవరు, కాళ్ళకి నూనె రాసిందెవరు? పూచీ నాదే. డబ్బా మాత్రం నీది, పట్టుకెళ్ళు."

అతను వెళ్ళాక కండక్టరు నసిగాడు. "వాడు బాధపడతాడే."

"వాడు బాధపడకూడదని మన పిల్ల స్కూల్లో మళ్ళీ పడిపోవాలా?"

కండక్టరు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

డబ్బాలకి పోయే సొమ్ము నాలుగు వారాలకీ పంచితే ఏమొస్తుందో చూడాలనుకుందామె. ఆదివారం మధ్యాహ్నం సంత ఎత్తేసే వేళకి వెళ్ళింది. అప్పుడైతే అమ్మేవాళ్ళకి ఇంటికెళ్ళే తొందర, మోసుకెళ్ళే బాధ. అన్నీ చవగ్గా వస్తున్నాయని ఆకుకూరలు, క్యాబేజీలు చంకకెత్తుకున్నంత కొంది. బుధవారానికి సగం కుళ్ళి నీళ్ళుకారాయి. మిగిలింది క్యాబేజీ. గురువారం క్యాబేజీ, శుక్రవారం క్యాబేజీ, శనివారం కూడా గిన్నె మూత తీయగానే అదే కనబడేసరికి కండక్టరు మూత మళ్ళీ పెట్టేశాడు.

"ఇంక నా ఒంట్లోంచి ఆకులు మొలుస్తాయి," అన్నాడు. ఆ రోజు డిపో క్యాంటీన్లో వేపుళ్ళు తిని వచ్చాడని చొక్కా మీది నూనె మరకే చెప్పింది. అత్తగారు టీ పొడి డబ్బా అడుగున చక్కెర పొట్లం దాచుకుంది. అది దొరికిన రోజు అత్తాకోడళ్ళిద్దరికీ పెద్ద రభస అయింది.

"నా జీవితమంతా తియ్యటి టీ అమ్మాను. ఇప్పుడు చేదు తాగమంటావా?"

"తాగండి అత్తయ్యా. మీరు పోతే నాతో పోట్లాడేదెవరు?"

అత్తగారికి నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. గ్లాసు అందుకుని, విషం తాగుతున్నట్టు మొహం పెట్టి తాగింది.

మెల్లగా కాలర్లక్కకి దారి దొరికింది. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు చూసుకున్నట్టు, సంతకి పోయేముందు వారం చూసుకునేది. ముందు చాలాకాలం నిలవుండేవి, అంటే శనగలు, పెసలు, బొబ్బర్లు, వేరుశనగలు. తర్వాత గుడ్లు. ఆకుకూరలు మొదటి మూడు రోజులకే, ఆ తర్వాత క్యారెట్, గుమ్మడికాయ లాంటి గట్టివి. పండు పేరు పెట్టుకుని వెళ్ళేది కాదు. ఆ వారం ఏది కుప్పలుగా వస్తే అదే పండు. బిస్కెట్లు, రంగునీళ్ళ సీసాలు అడిగితే, "అన్నీ అయ్యాక మిగిలితే," అనేది. ఏనాడూ మిగిలేది కాదు. గుడ్ల ధర పెరిగిన వారం వాటిని తగ్గించి చిన్న చేపలు తెచ్చింది. కూతురు ముళ్ళు తీసుకోలేక ఏడ్చింది, తిన్నది. సాయంత్రాలు అత్తగారు వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టింది. మొదట కోడలి పోరు పడలేక, తర్వాత వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి.

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్షలు చేయించారు. అత్తగారి షుగరు దిగింది. కూతురికి రక్తం పెరిగింది, ఇంకా పెరగాలంది డాక్టరమ్మ. కండక్టరు బీపీ మాత్రం పెద్దగా కదల్లేదు. క్యాంటీన్ గురించి డాక్టరమ్మ అడగ్గానే అతను గోడ మీది క్యాలెండరు చూడసాగాడు.

ఈ వార్త మేనేజరుకి ఎవరు చేరవేశారో గానీ, మొహం చాటంత చేసుకుని దిగాడు.

"చూశావా వదినా! నేను చెప్పలేదూ?"

"ఏం చెప్పావు? మేం ఆ డబ్బాలు ముట్టి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా?"

"అదే మరి. ముందు తాగింది ఒంట్లో నిలవ ఉంటుంది. పనిచేయడం ఇప్పుడు మొదలైంది."

కాలర్లక్క నోరు తెరవబోయేలోగా అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఆదివారం మా కంపెనీ సభ. పెద్ద పెద్దవాళ్ళొస్తారు. స్టేజీ ఎక్కి రెండు ముక్కలు చెప్పాలి నువ్వు. భోజనాలు కూడా అక్కడే."

వద్దని కోడలు కళ్ళతోనే చెప్పింది. అత్తగారు కొడుకు వైపూ కోడలి వైపూ చూసి, "వస్తాన్రా. ఎందుకు రాను?" అంది.

ఆదివారం అందరూ వెళ్ళారు. హాలు నిండా బెలూన్లు, చెవులు చిల్లులు పడే పాటలు. గుమ్మం పక్కన నిలువెత్తు బ్యానరు. దాని మీద అత్తగారి ఫొటో! ఎప్పటిదో పెళ్ళిలో తీసింది. పక్కన నీలం డబ్బా. కింద పెద్దక్షరాలతో, 'ఈ అమ్మకి షుగరు మాయం! మందులకి సెలవు!'

కాలర్లక్క అక్కడే ఆగిపోయింది. "మందులకి సెలవేంటి? ఆవిడ పొద్దున్న కూడా మాత్ర వేసుకుంది. ఇది చూసి ఎవరైనా మందులు మానేస్తే?"

"ష్ష్," అన్నాడు మేనేజరు.

సభ మొదలైంది. నీలం సూటు వేసుకున్న పెద్దమనిషి చాలాసేపు మాట్లాడి, చివరికి అత్తగారిని స్టేజీ మీదికి పిలిచాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "అమ్మా, మీ ఆరోగ్య రహస్యం మనవాళ్ళకి చెప్పండి," అన్నాడు.

"రహస్యమేముంది నాయనా? మా కోడలు."

జనం నవ్వారు. సూటాయన కూడా నవ్వి, "మరి మన పొడి?" అన్నాడు.

"అది తాగిన నెలల్లో మా ఇంట్లో ఒక వారం తిండి ఉండేది కాదు. మా కోడలు మానిపించింది. డాక్టరమ్మ మాత్రలు మింగుతున్నాను, గింజలూ ఆకులూ తింటున్నాను, చక్కెర లేని టీ తాగుతున్నాను. చాలా చండాలంగా ఉంటుంది, అయినా తాగుతున్నాను. బస్‌స్టాండులో అన్నేళ్ళు టీ పొడి ఉడికించినదాన్ని, పొడి సంగతి నాకు చెప్తారా?"

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ పీకేశారు. కానీ బస్సుల హారన్ల మధ్య టీ అమ్మిన గొంతుకి మైకు ఒక లెక్కా? "అందులో మొదటి సరుకు చక్కెర! వెనకాల రాశారు, చదువుకోండి!" అన్న మాట చివరి వరసకీ వినబడింది. హాల్లో చాలామంది చేతుల్లో డబ్బాలు తిరగేశారు.

మేనేజరు పరుగున వెళ్ళి తల్లిని దించాడు. కాలర్లక్క దగ్గరికొచ్చి పళ్ళు నూరాడు. "ఇదంతా నువ్వే నేర్పించావు."

"నేనైతే ఇంకా చాలా నేర్పేదాన్ని. ముందు ఆ బ్యానరు మీద ఆవిడ ఫొటో తీయించు."

వెనకే వచ్చిన సూటాయన ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "చూడమ్మా, ఆరోగ్యం మీద ఖర్చు పెట్టలేనివాళ్ళు మా దగ్గరికి రానక్కర్లేదు. బ్యానరు మా సొత్తు. అది తీసే ప్రసక్తే లేదు."

"బ్యానరు మీదే. మొహం మాది."

ఆమె గుమ్మం వైపు నడిచింది. దారిలో కుర్చీ ఒకటి లాక్కెళ్ళి బ్యానరు కింద వేసింది. ఎప్పుడూ సంచిలోనే ఉండే పనికత్తెర తీసి కుర్చీ ఎక్కింది. కాపలావాడు, "ఏయ్, దిగమ్మా!" అంటూ వచ్చాడు. కుర్చీ ఊగింది. పడిపోతాననుకునేంతలో ఎవరో దాన్ని గట్టిగా పట్టుకున్నారు. కండక్టరు.

"కత్తిరించు," అన్నాడు. కాపలావాడికి చెయ్యి అడ్డం పెట్టి, రద్దీ బస్సులో అరిచే గొంతుతో, "కాస్త వెనక్కి జరగండి, వెనక్కి జరగండి!" అన్నాడు. అలవాటైన గొంతు విని జనం జరిగారు కూడా.

ఆమె తొందరపడలేదు. తలచుట్టూ తిప్పి, చెవుల దగ్గర వంపు తీసి, జాకెట్టు మెడ కిందుగా కోసింది. బ్యానరులో ముసలామె ఆకారంలో పెద్ద చిల్లు మిగిలింది. దాని పక్కన నీలం డబ్బా ఒంటరిగా నిలబడింది. ఆ చిల్లులోంచి వెనకాల వరండాలో పేర్చిన డబ్బాల పెట్టెలు కనబడుతున్నాయి. ఎవరో పకాలున నవ్వారు.

భోజనాలు చేయకుండానే బయటపడ్డారు. బస్‌స్టాపులో అత్తగారు చుట్టచుట్టిన ఫొటో విప్పి చూసుకుంది. "ఈ పెళ్ళిలో నా మొహం ఎంత బావుందో చూడు," అంది. కండక్టరు భార్య చేతిలోంచి కత్తెర తీసుకుని సంచిలో పెట్టాడు.

మేనేజరు రాకపోకలు మానేశాడు. దారిలో కండక్టరు బస్సు కనబడితే వెనక బస్సు ఎక్కేవాడట. అత్తగారు ఒకట్రెండు రోజులు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కన్నకొడుకు కదా. కానీ అన్నదానిలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. కాలర్లక్క కూడా కబురు పంపలేదు.

చలి ముదిరాక ఒక ఆదివారం, సంతకి బయల్దేరుతుంటే తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది. మేనేజరు భార్య. చేతిలో మడిచిన ఖాళీ సంచి.

"మా మంచం కింద నిండా డబ్బాలే అక్కా. అమ్ముడుపోవు. ఆయన వాటినే మాకు కలిపిస్తున్నాడు. పిల్లాడు వాంతి చేసుకుంటున్నాడు." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "నీతో వస్తాను. ఆయనకి చెప్పకు."

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

"అమ్మో, నేనా?"

"దొంగతనంగా కూరగాయలు కొనే ఖర్మేమిటి మనకి? సంచి బల్ల మీద పెట్టి, ఇవి కొన్నాను, ఇవే వండుతాను అని చెప్పు. అరిస్తే అరవనీ. అరుపులు కొంచెం సేపే ఉంటాయి, పిల్లాడికి రోజూ ఆకలేస్తుంది."

తోడికోడలు సంచి దులిపి భుజాన వేసుకుంది. "శనగలు ఎంత కొనాలి, ముగ్గురికి?"

"పద, నడుస్తూ చెప్తాను. అక్కడ శనగలవాడు మొదట చెప్పిన ధరకి మాత్రం తల ఊపావంటే ఊరుకోను."

ఇద్దరూ మెట్లు దిగారు. వెనక నుంచి అత్తగారి కేక వీధి మొత్తానికి వినిపించింది.

"గుమ్మడికాయ గట్టిది చూసి తీసుకోండే, వాడు మెత్తవి అంటగడతాడు!"