అయోడిన్ మింగిన వారం

ఇర్బిద్ ఊళ్లో ఆడపిల్లల బడిలో రుదైనా టీచరుకి ఐసోటోపుల పాఠం కొట్టిన పిండి. "లోపల న్యూట్రాన్లు ఎన్ని మారినా బయట ఎలక్ట్రాన్ల అమరిక ఒకటేనర్రా, రసాయనం చూసేది ఆ బయటి అమరికనే" అని ఏటా చెప్పేది. ఆ పాఠం తన గొంతు మీదికే వస్తుందని ఎవరనుకున్నారు!

థైరాయిడ్‌కి ఆ పాడు జబ్బు. ఆపరేషన్ అయ్యాక రేడియోధార్మిక అయోడిన్ మాత్ర మింగించారు. ఒక ఎలక్ట్రాన్ అదనంగా పుచ్చుకుని అయానయ్యాక కూడా ఉప్పులోని అయోడిన్‌కీ దీనికీ బయట తేడా ఉండదు. జబ్బు కణాలు తమకు కావలసిందే అనుకుని లోపలికి లాక్కుంటాయి, లాక్కుని చస్తాయి. వారం రోజులు మనుషులకు ఎడంగా ఉండాలనీ, గర్భిణుల దరిదాపులకే పోవద్దనీ డాక్టరు చెప్పాడు.

ఈ సంగతి తమ్ముడు నవ్వాఫ్‌కి ఒక్కడికే తెలుసు. మావైపు పెద్దవాళ్ల ముందు ఆ జబ్బు పేరెత్తరు. పైగా పండగనాటి నుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. చనిపోయిన అమ్మ తన చేత్తో కుట్టుకున్న ఎర్రదారాల గౌను తనను అడక్కుండా కోడలికి ఇచ్చేశాడని నలుగురిలో పోట్లాడి వచ్చేసింది రుదైనా.

ఆ వారంలోనే తండ్రి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, అలక తీరిందా? నీకిష్టమని మాంసం అన్నం, మక్లూబా వండించాను. గిన్నె పళ్లెంలోకి బోర్లించాలంటే నువ్వు రావాలి."

"పేపర్లు దిద్దాలి నాన్నా. వచ్చే వారం వస్తాను."

"పేపర్లేమైనా కాళ్లొచ్చి పారిపోతాయా? ఒంట్లో బాగుండటం లేదే. ఓసారి చూసిపో."

వెళ్తే ఆయన చేతిని ముద్దుపెట్టుకోకుండా గుమ్మంలోంచే ఎలా తిరిగొస్తుంది? ఇంట్లో చూస్తే మరదలికి నెలలు నిండాయి. నిజం చెబితే ఆ ముసలి గుండె తట్టుకోదు. ఏడుపు బయటపడకూడదని గొంతు బిగించి, "కుదరదు నాన్నా!" అంది. అది కసిరినట్టే వినిపించింది.

"సరేలేమ్మా, నీ ఇష్టం" అన్నాడు.

వారం గడవకముందే ఆయన నిద్రలోనే పోయాడు.

డాక్టరు పెట్టిన గడువు తీరక, రుదైనా పుట్టింటి వీధి చివరే నిలబడి ఏడ్చింది. నవ్వాఫ్ అంత దూరంలోనే ఆగాడు.

"ఆ రోజు నాన్న గిన్నె బోర్లించనివ్వలేదక్కా. చల్లారిపోయినా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. 'దానికి ఇంకా కోపం పోలేదురా, ఆ గౌను దానికే ఇచ్చెయ్యండి' అన్నాడు."

"నువ్వైనా చెప్పకూడదట్రా?"

"ఒట్టేయించుకున్నది నువ్వే కదక్కా!"

బడికి తిరిగొచ్చాక మళ్లీ అదే పాఠం. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, బయటికి రెండూ ఒకలాగే ఉంటే ఏది ఏదో ఒంటికి ఎలా తెలుస్తుంది?"

"తెలియదమ్మా" అంది రుదైనా.

సుద్దముక్క బల్లమీద పెట్టి బోర్డు వైపు తిరిగింది. ఏడుపు ఆపుకున్న గొంతూ కోపగించిన గొంతూ ఫోన్‌లో ఒకలాగే వినబడితే నాన్నకి మాత్రం ఎలా తెలుస్తుంది? అయ్యో, ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు.